ఏనుగు ముసుగు మీద మూడు తెలుపులు: ఒక బమిలేకే శిరోవేషం కేసు

పూసల పని ఉన్న పాత వస్తువు మీద తెల్లగా ఏదైనా కనిపిస్తే మనలో చాలామంది చెయ్యి ముందు బ్రష్ మీదికే పోతుంది. దుమ్మో బూజో అయి ఉంటుంది, దులిపితే పోతుందిలే అనుకుంటాం. కామెరూన్‌కి చెందిన ఒక పూసల ఏనుగు ముసుగు మా దగ్గరికి బాగుచెయ్యడానికి వచ్చింది. దాని మీది తెలుపు మూడు రకాలు. ఒకటి గాజు లోపలి నుంచి వచ్చింది. ఒకటి గోడల చెమ్మ నుంచి వచ్చింది. మూడోది ఎప్పుడో మ్యూజియం సిబ్బంది చల్లిన మందు, అంటే విషం. దేనికి ఏం చెయ్యాలన్నది వేరు వేరు. ఒకదానికి చేసే చికిత్స ఇంకోదానికి హాని. వస్త్రాల కన్జర్వేషన్‌లోకి, అంటే పాత వస్త్రాలను పాడవకుండా కాపాడే పనిలోకి, కొత్తగా వస్తున్న తెలుగు పిల్లలు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు కాబట్టి మొత్తం రాస్తున్నాను.

మ్యూజియం పేరు, అది ఉన్న దేశం, ముసుగు ఏ రాజ్యానిదో చెప్పడం లేదు. ముసుగు మీది అల్లిక ఆకారాలు కొన్ని వదిలేశాను. తెలిసినవాళ్ళు ఆ ఆకారాలను బట్టే ఊరు పోల్చేస్తారు.

నేపథ్యం

కామెరూన్ పశ్చిమ భాగంలో గ్రాస్‌ఫీల్డ్స్ అనే ఎత్తైన పచ్చిక ప్రాంతం ఉంది. బమిలేకే ప్రజల రాజ్యాలు అక్కడివే. బాంజూన్, బహామ్, బానా లాంటివి పదుల సంఖ్యలో ఉన్నాయి. ఒక్కో రాజ్యానికి ఒక ఫో, అంటే రాజు. ఇవాళ పరిపాలన ప్రభుత్వానిదే అయినా ఫో మాటకు ఊళ్ళో బరువు తగ్గలేదు. ఫో చుట్టూ బిరుదులున్న పెద్దల సంఘాలు ఉంటాయి. వాటిలో క్వోసి ఒకటి. ఒకప్పుడు యోధుల సంఘం, తర్వాత కలిగినవాళ్ళ, హోదా ఉన్నవాళ్ళ సంఘం అయింది. ఏనుగు ముసుగు వేసుకునే హక్కు వీళ్ళది. ఏనుగు, చిరుతపులి రెండూ రాజుగారి జంతువులు. ఫో తలచుకుంటే ఆ రూపాల్లోకి మారగలడని నమ్మకం.

ముసుగును అక్కడ మ్‌బాప్ మ్‌టెంగ్ అంటారు. తల మీద నుంచి దిగే గుడ్డ తొడుగు, కళ్ళకు రెండు రంధ్రాలు, ముక్కు, నోరు, పక్కలకు రెండు పెద్ద గుండ్రటి చెవులు. ముందు వైపు మోకాళ్ళ దాకా వేలాడే పొడవాటి పట్టీ తొండం. వెనక అంతే పొడవున్న మరో పట్టీ. మేము పని చేసినదాని నిలువు సుమారు మీటరున్నర. ఇంత పొడవునా గుడ్డ కనపడనంత దట్టంగా గాజు పూసలు. త్రికోణాల వరసలు చిరుత ఒంటి మీది మచ్చలకు గుర్తు. నలుపు, తెలుపు, ఎరుపు రంగులకూ అర్థాలున్నాయి. తెలుపు పూర్వీకుల ఎముకలు, ఎరుపు ప్రాణం, రాచరికం. దీని పైన ఆఫ్రికన్ బూడిద రంగు చిలక తోక ఈకలతో చేసిన ఎర్రటి గుండ్రటి టోపీ పెడతారు. లోపలికి మడిస్తే మూట, బయటికి తిప్పితే పువ్వులా విచ్చుకుంటుంది. ఇప్పుడు ఇలాంటివి జుజు టోపీ అని డెకరేషన్ షాపుల్లో గోడకి తగిలించి అమ్ముతున్నారు. కొనేవాళ్ళలో ఎంతమందికి అది ఎవరి తల మీదిదో తెలుసో గాని.

పూసలు అక్కడ తయారైనవి కావు. ఎక్కువ భాగం వెనిస్, బొహీమియా నుంచి తీరానికి వచ్చి, చేతులు మారి కొండలెక్కాయి. ఒకప్పుడు వాటినే డబ్బుగా వాడారు. ఎవరు ఎన్ని పూసలు తొడగాలన్నది రాజుగారి అనుమతి మీద ఆధారపడేది. అందుకే పూసల వస్తువు పోతే అక్కడ దాన్ని మామూలు దొంగతనంగా చూడరు. పొరుగున కోమ్ రాజ్యపు పూసల విగ్రహం అఫో-అ-కోమ్ 1966లో మాయమై, న్యూయార్క్‌లో తేలి, 1973లో ఇంటికి చేరింది. బమూమ్ రాజు న్జోయా తన పూసల సింహాసనాన్ని 1908లో జర్మన్ చక్రవర్తికి ఇచ్చాడు. అది ఇవాళ్టికీ బెర్లిన్‌లోనే ఉంది. మా ముసుగు విషయంలో సంప్రదింపులకు వచ్చినవాళ్ళకు ఈ కథలన్నీ నోటికి వచ్చు. మా టేబుల్ మీద ఏం జరుగుతుందో వాళ్ళు గమనిస్తూనే ఉన్నారు.

మా దగ్గరికి ఎలా వచ్చింది

20వ శతాబ్దం మొదటి సగంలో ఆ మ్యూజియంలో చేరిన ముసుగు అది. చాలా కాలం బేస్‌మెంట్‌లో ఉంది. సొంత రాజ్యంలో జరగబోయే ఒక రాచ వేడుకకు దాన్ని అరువు ఇవ్వమని అక్కడి వాళ్ళు అడిగారు. మ్యూజియం ఒప్పుకుంది. పెట్టె తీసేసరికి తొండం అంచు నుంచి పూసలు రాలి అడుగున పడి ఉన్నాయి. ఒక చెవి కుంగిపోయింది. ముసుగంతా అక్కడక్కడ తెల్లగా ఉంది. మ్యూజియం మాకు ఇచ్చిన పని చీటీలో రెండే మాటలు: శుభ్రం చెయ్యండి, గట్టి పరచండి.

రాజ్యం వాళ్ళ లేఖలో ఇంకో వాక్యం ఉంది. వేడుకలో క్వోసి పెద్ద ఒకాయన దాన్ని తొడుక్కుంటారని. పని చీటీలో ఈ మాట లేదు. నా దృష్టిలో కేసు మొత్తానికి ఆ వాక్యమే ముఖ్యం. గాజు పెట్టెలో పడుకునే వస్తువుకూ, మనిషి ముఖం మీదికి ఎక్కి నాట్యం చేసే వస్తువుకూ ఒకే చికిత్స కుదరదు.

మూడు తెలుపులు ఎలా విడిపోయాయి

మొదట ఏమీ ముట్టుకోలేదు. నూలు గ్లవ్స్ పక్కన పెట్టి నైట్రైల్ గ్లవ్స్ వేసుకున్నాం. నూలు పోగులు విరిగిన పూసల అంచుకి తగులుకుని ఇంకో నాలుగు పూసల్ని లాగేస్తాయి. పైగా పాత మ్యూజియం వస్తువు మీద ఏ మందు ఉందో తేలేదాకా నూలు గ్లవ్స్‌ని నమ్మకూడదు. రాలిన పూసల్ని ఎక్కడ దొరికాయో చోటు గుర్తు వేసి విడి విడి సంచుల్లో పెట్టాం. ఇది విసుగు పని. కానీ తర్వాత ఏ పూస ఏ వరసదో చెప్పడానికి మిగిలేది ఈ సంచులే.

మైక్రోస్కోప్ కింద మొదట తేలిన సంగతి: పూసల మీద కనిపించే తెలుపు అన్ని రంగుల మీదా లేదు. ముదురు నీలం, అద్దంలా మెరిసే ఎరుపు పూసల మీద ఉంది. పక్కనే ఉన్న చిక్కటి తెల్ల పూసలు, పసుపు పూసలు శుభ్రంగా ఉన్నాయి. దుమ్ము అయితే రంగు చూసి పడదు కదా. పిహెచ్ పేపర్‌ని (ఆమ్లమో క్షారమో రంగుతో చెప్పే కాగితం; 7 మధ్యస్థం, పైకి పోయేకొద్దీ క్షారం) ఇంత చిన్న త్రికోణంగా కత్తిరించి, ఒక చుక్క నీటితో తడిపి నీలం పూస మీద ఆనించాం. పేపర్ ఆకుపచ్చ దాటి నీలంలోకి పోయింది, అంటే 9 పైన. తెల్ల పూస మీద మార్పు లేదు.

దీన్నే గాజు జబ్బు అంటాం. గాజు చేసేటప్పుడు త్వరగా కరగాలని సోడా, పొటాష్ ఎక్కువ వేసి, గాజుని నిలబెట్టే సున్నం తక్కువ వేస్తే, ఆ క్షారం గాజులో కుదురుగా ఉండదు. గాలిలో తేమ తగిలినప్పుడల్లా కొంచెం కొంచెంగా పైకి వస్తుంది. పొటాషియం కార్బొనేట్ అయితే గాలి తేమ 43 శాతం దాటితే చాలు, తానే నీరు పీల్చుకుని వానాకాలపు బెల్లంలా చెమరుస్తుంది. తేమ తగ్గితే ఎండి తెల్లటి పొడి అవుతుంది. ఇలా చెమర్చడం, ఎండడం సాగేకొద్దీ గాజు పైపొర సన్నగా పగుళ్ళిచ్చి, ఒక రోజు పూస రెండు ముక్కలవుతుంది. ఏ రంగు పూసకి జబ్బు వస్తుందన్నది ఆ రంగు గాజుకి ఏ పాళ్ళు వాడారన్న దాన్ని బట్టి ఉంటుంది. నీలం, ఎరుపు, నలుపు తరచుగా దొరికిపోతాయి.

రెండో తెలుపు గుడ్డ మీద, అదీ గడ్డం దగ్గర, మెడ వెనక. అక్కడ గుడ్డకి జిడ్డు పట్టి ఉంది. మనుషుల చెమట, ఏదో నూనె. మైక్రోస్కోప్‌లో సన్నటి దారాల వల కనపడింది. బూజు. ఎండిపోయిన పాత బూజే, కొత్త ఎదుగుదల లేదు.

మూడోది మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది. తొండం వెనక వైపు అస్తరు మీద, చెవుల మడతల్లో, సన్నగా నలిపిన సుద్దలాంటి పొడి. పిహెచ్ మామూలుగా ఉంది, దారాల వల లేదు. పాత మ్యూజియాల్లో పురుగులకి ఆర్సెనిక్ చల్లడం మామూలే కాబట్టి ఎక్స్‌ఆర్‌ఎఫ్ పెట్టాం. ఇది ఎక్స్‌రేలు పంపి, ఒక్కో మూలకానికి తనదైన శక్తి దగ్గర లేచే గీతల్ని బట్టి వస్తువులో ఏముందో చెప్పే యంత్రం. ఇక్కడ పూసల పని చేసేవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సిన చిక్కు ఒకటి ఉంది. ఆర్సెనిక్ ప్రధాన గీత 10.54 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది. సీసం ప్రధాన గీత 10.55 దగ్గర. ఈ రెండిటినీ విడదీయడం యంత్రం వల్ల కాదు. పాత తెల్ల పూసల్లో, పసుపు పూసల్లో సీసం ఉండటం మామూలు. గాజుని తెల్లగా, చిక్కగా చెయ్యడానికి సీసంతో పాటు ఆర్సెనిక్‌నే కలిపిన రకాలూ ఉన్నాయి. అంటే పూసల మీద యంత్రం పెట్టి 'ఆర్సెనిక్ ఉంది' అని రిపోర్ట్ ఇస్తే ఆ మాటకి అర్థం లేదు. అది సీసం కావచ్చు, గాజు లోపల బందీగా ఉన్న ఆర్సెనిక్ కావచ్చు. మనిషికి ముప్పు తెచ్చేది పొడి రూపంలో ఉన్నది.

అందుకని పూసలు లేని చోట్లే కొలిచాం. అస్తరు గుడ్డ మీద, చెవి మడత లోపల. అక్కడ 12.61 దగ్గర రావాల్సిన సీసం రెండో గీత లేదు. 11.73 దగ్గర ఆర్సెనిక్ రెండో గీత స్పష్టంగా ఉంది. ఇక అనుమానం లేదు. ఎంత ఉందన్నది ఈ యంత్రంతో గట్టిగా చెప్పలేం, గుడ్డ మందం, పొడి మందం అన్నీ అంకెని మార్చేస్తాయి. ఉందా లేదా అన్నది మాత్రం చెప్పగలం. ఆ జవాబు చాలు.

తొడుక్కోవడం గురించి

ముఖాన్ని పూర్తిగా కప్పే ముసుగు ఇది. దాంట్లోంచే ఊపిరి పీల్చాలి. నాట్యం చేస్తే గుడ్డ కదులుతుంది, పొడి లేస్తుంది. వ్యాక్యూమ్‌తో చాలా వరకు తీయొచ్చు, కానీ నేత పోగుల్లోకి దిగిన ఆర్సెనిక్ పూర్తిగా వచ్చిందని చెప్పే కన్జర్వేటర్‌ని నేను నమ్మను. కాబట్టి ముఖానికి తొడగకూడదు. ఇది మా అభిప్రాయంగా కాకుండా కొలతతో సహా చెప్పాలనుకున్నాం.

రాజ్యం నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన బిరుదున్న పెద్ద. రెండో ఆవిడ అక్కడి రాజభవనం పక్కనున్న మ్యూజియం చూసుకుంటారు. మ్యూజియం తరఫున కొందరు ముందుగానే టెన్షన్ పడ్డారు, 'మీ ముసుగు మీరు తొడగొద్దు' అని ఎలా చెప్తాం అని. రెండు గీతల బొమ్మ తెర మీద పెట్టి, పొడి ఎవరు చల్లారో, ఎందుకు చల్లారో మొత్తం చెప్పాం. పెద్దాయన ఎక్కువసేపు తీసుకోలేదు. నాట్యానికి కొత్త ముసుగు కుట్టిస్తామన్నారు. పూసల పనివాళ్ళు ఊళ్ళో ఉన్నారు, పాతది అరిగితే కొత్తది కుట్టడం, పాత వాటికి పూసలు మార్చడం వాళ్ళకి కొత్తేమీ కాదు. పాతది వేడుకకి రావాలి, జనం చూడాలి, అంతే. మేము ఎన్నో మీటింగుల్లో నలిపిన ప్రశ్న అది.

వాళ్ళకి పట్టింపు ఉన్న విషయాలు వేరే ఉన్నాయి. నుదుటి భాగంలో పూసల సందుల్లో ఎర్రటి పొడి పేరుకుని ఉంది. మేం దాన్ని రిపోర్టులో 'ఎర్ర మురికి, పరిశీలించాలి' అని రాశాం. అది కామ్‌వుడ్ అనే ఎర్ర చెక్క పొడి. పూజా సందర్భాల్లో పూస్తారు. దాన్ని తీయొద్దన్నారు. తొండం మధ్యలో రెండు వరసలు రంగు తప్పి, పక్క వరసలతో కలవకుండా ఉన్నాయి. మా రికార్డులో అది లోపం. వాళ్ళు చూసి అది పాత మరమ్మత్తు అన్నారు, అంటే ముసుగు నిజంగా నాట్యంలో తిరిగినదని దానికి సాక్ష్యం. దాన్నీ అలాగే ఉంచాలి. ఇంకోటి, తేమ గురించి మేం ఎంత చెప్పినా వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగింది నిప్పు గురించి. బాంజూన్ రాజభవనంలోని పెద్ద ఇల్లు 2005లో కాలిపోయింది. ఆ ప్రాంతంలో దాన్ని ఎవరూ మర్చిపోలేదు.

పని క్రమం, కుదరనివి

ముందు విషం, తర్వాత బూజు, చివర గాజు ఉప్పు. ఈ వరస తప్పకూడదు. ఆర్సెనిక్ ఉండగా తడి పని మొదలుపెడితే పొడి గుడ్డలోకి ఇంకా లోతుగా దిగుతుంది. సన్నటి ధూళిని కూడా బయటికి వదలని హెపా ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్, ముక్కు మూతికి విషపు ధూళిని ఆపే పి3 మాస్క్, పీల్చే గొట్టం చివర సన్నటి వల. అదే వ్యాక్యూమ్‌తో బూజు పని కూడా అయిపోయింది. మళ్ళీ రాకుండా ఉండాలంటే మందు అక్కర్లేదు, గాలి తేమ అదుపులో ఉంటే చాలు.

ముసుగుతో పాటు వచ్చిన ఈకల టోపీ సంగతి తొందరగా తేల్చాం. దాంట్లో కార్పెట్ పురుగు పిల్లలు బతికే ఉన్నాయి. గాజు లేదు కాబట్టి మూటగట్టి మైనస్ 30 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాం. మ్యూజియం వాళ్ళు ముసుగుని కూడా అదే ఫ్రీజర్‌లో పెడదామన్నారు. వద్దన్నాను. పగుళ్ళిచ్చిన గాజుకి అంత చలి, బయటికి తీశాక పట్టే చెమ్మ రెండూ ప్రమాదమే, పైగా ముసుగులో పాత పొట్టు తప్ప బతికిన పురుగు కనపడలేదు. టోపీ ప్రయాణం మాత్రం ఆగిపోయింది. ఆ చిలక జాతిని 2016లో సైటిస్ ఒప్పందం (అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేది) అనుబంధం 1లోకి, అంటే అన్నిటికంటే కఠినమైన జాబితాలోకి మార్చారు. 2017 జనవరి నుంచి అమలు. దేశం దాటాలంటే ఆ అనుమతుల దారి పొడుగు. ముసుగునీ టోపీనీ రెండు కేసులుగా విడగొట్టాం.

పూసలు ఊడకుండా ఆపడానికి మొదట ప్రయత్నించింది మా రంగంలో అందరూ చేసేదే: రంగు వేసిన సన్నటి నైలాన్ వల కప్పి చుట్టూ కుట్టడం. తొండం కింది జానెడు మేర చేసి చూశాం. పూసలు రాలడం ఆగింది. కానీ వల ముందుగా విరిగిన పూసల అంచులకి తగులుకుంటోంది, తర్వాత ఉప్పు వల కింద చేరి బయటికి రావడానికి దారి లేక అక్కడే ముద్దవుతోంది. అన్నిటికంటే ముఖ్యం, మెరుపు పోయింది. దీపాల ముందు, కాగడాల ముందు మెరవడానికే ఇన్ని వేల పూసలు కుట్టారు. మసకబారిన ఏనుగుని వేడుకలో ఎవరు చూస్తారు? తీసేశాం.

జిగురు పెట్టి పూసల్ని అతికించడం చర్చకి వచ్చింది గాని ప్రయోగం దాకా పోలేదు. జిగురు ఉప్పుని లోపల మూసేస్తుంది. గుడ్డని బిరుసు చేస్తుంది.

ఇంకో ఎదురుదెబ్బ దాచే చోట తగిలింది. ఒక చెవి శుభ్రం చేశాక దాన్ని మ్యూజియంలో ఉన్న గట్టి చెక్క సొరుగులో, బాగా మూసుకునే దాంట్లో ఉంచారు. తేమ 40 శాతం దగ్గర నిలకడగా ఉంది, రీడింగులు చక్కగా ఉన్నాయి. అయినా కొన్ని నెలలకి నీలం పూసల మీద మళ్ళీ తెలుపు. ఈసారి పొడిలా లేదు, సన్నటి సూదుల్లా ఉంది, పిహెచ్ మునుపటంత ఎక్కువ లేదు. అదే ఉప్పు మళ్ళీ వచ్చి ఉంటే పిహెచ్ అంత తగ్గకూడదు. శాంపిల్ బయటి ల్యాబ్‌కి పంపితే సోడియం ఫార్మేట్ అని తేలింది. చెక్క వదిలే ఆమ్లపు ఆవిరి మూసిన సొరుగులో నిండి, గాజు వదిలే క్షారంతో కలిసి ఈ కొత్త ఉప్పు అవుతుంది. అంటే తేమని కట్టడి చేద్దామని గట్టిగా మూస్తే ఆవిరి కూడా కట్టడి అయిపోయింది. ఇక చెక్క, ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పొట్టుని నొక్కి చేసిన పలక) ఏదీ దగ్గరికి రానివ్వలేదు.

దారం ఎందుకు తెగింది

ఇక్కడ అందరూ సులువుగా ఒక మాట అనేస్తారు, క్షారం దారాన్ని తినేసిందని. మ్యూజియం పాత నోట్‌లో కూడా అదే ఉంది. కానీ నూలు క్షారాన్ని బాగానే తట్టుకుంటుంది. తట్టుకోలేనిది ఉన్ని. ముసుగు అంచున కుట్టిన ఎర్ర ఉన్ని గుడ్డ జబ్బు పూసలు తగిలిన చోటల్లా పొడి పొడి అయి ఉంది. దాని పక్కనే నూలు గుడ్డ, దారం రంగు మారాయి గాని పట్టు ఉంది. మరి దారాలు తెగింది ఎందుకు?

తెగిన కొసల్ని మైక్రోస్కోప్‌లో చూస్తే జవాబు దొరికింది. ఇవి కుళ్ళి తెగిన కొసల్లా లేవు. వీటి కొసలు నున్నగా, ఏటవాలుగా కోసినట్టున్నాయి. తెగిన చోటు ప్రతిసారీ పూస మూతి దగ్గరే. ఈ చిన్న పూసలు పొడవాటి సన్నటి గాజు గొట్టాన్ని సాగదీసి, దాన్ని ముక్కలుగా కోసి చేసినవి. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో తరాలుగా లాడా అనే ఇనుప గొట్టంతో గాజు సాగదీసి పూసలు చేస్తారు. పద్ధతి వివరాలు వేరైనా సూత్రం అదే. కోసిన ముక్కల్ని మళ్ళీ వేడి చేసి దొర్లిస్తే అంచులు గుండ్రబడతాయి. ఆ వేడి సరిగ్గా పడని పూసల మూతులు పదునుగానే మిగులుతాయి. నాట్యంలో మీటరు పొడవు తొండం ఊగిన ప్రతిసారీ ఆ అంచులు దారాన్ని రాచాయి. తర్వాత మ్యూజియంలో ఏళ్ళ తరబడి నిలువుగా వేలాడదీశారు, బరువంతా పై వరసల మీద పడింది.

అందువల్ల గట్టిపరిచే పద్ధతి మారింది. క్షారమే కారణమైతే దారాలన్నీ అనుమానించాలి, మొత్తం మార్చాలి. రాపిడి కారణమైతే తెగిన చోట ఆసరా ఇచ్చి, బరువు తీసేస్తే చాలు.

నిలబడిన పద్ధతి

శుభ్రం చెయ్యడానికి నీరు ఉప్పుని బాగా కరిగిస్తుంది, కానీ నీరే గాజులోంచి ఇంకా క్షారాన్ని లాగుతుంది. ఆల్కహాల్ ఒక్కటే అయితే ఉప్పు సరిగ్గా కరగదు. సగం సగం కలిపాం. ఎర్ర ఉన్ని రంగు తడికి వదులుతోందని పరీక్షలో తేలింది కాబట్టి తడి గుడ్డకి చేరకూడదు. పూసల వరస కింద సన్నటి పాలియెస్టర్ ఫిల్మ్ పట్టీ దూర్చి, వెదురు పుల్ల కొసకి నాలుగు పోగుల దూది చుట్టి, ముంచి, బ్లాటింగ్ పేపర్ మీద దాదాపు ఎండిపోయేలా ఒత్తి, అప్పుడు పూస మీద ఒక్కసారి దొర్లించడం. వెంటనే పొడి దూదితో అద్దడం. నీలం, ఎరుపు పూసలకే ఇది. తెల్ల, పసుపు పూసల జోలికి పోలేదు. నుదుటి మీద కామ్‌వుడ్ ఉన్న చోట ఉప్పు కొంచెం మిగిలినా సరే అనుకున్నాం.

కుట్టు విషయంలో మా చెయ్యి ముందు పట్టు దారం మీదికి పోతుంది, అది అలవాటు. ఇక్కడ పట్టు పనికిరాదు, అదీ ఉన్నిలాగే క్షారానికి కరిగే జాతి. సన్నటి పాలియెస్టర్ దారం తీసుకున్నాం. సూది పూస రంధ్రంలోకి దూర్చలేదు. రంధ్రంలో పాత దారం ఉంది, ఉప్పు గట్టిపడి ఉంది, బలవంతం చేస్తే పగుళ్ళున్న పూస చిట్లిపోతుంది. పాత దారాన్ని అక్కడే ఉంచి, మూడు నాలుగు పూసలకొకసారి రెండు పూసల మధ్య సందులో దాని మీదుగా అడ్డంగా ఒక చిన్న కుట్టు వేసి అడుగు గుడ్డకి పట్టించాం. అది పైకి కనపడదు. ఎప్పుడైనా తీయాలంటే ఒక్కో కుట్టు కత్తిరిస్తే చాలు. ముందు నమూనా గుడ్డ మీద అలవాటు చేసుకున్నాం. ఆ నమూనాకి నేను ఎప్పుడో తెచ్చుకున్న పాపానాయుడుపేట పూసలు అక్కరకొచ్చాయి.

రాలిన పూసల్లో బాగున్నవాటిని సంచి గుర్తుల ప్రకారం వాటి వరసల్లోకే చేర్చాం. లేని చోట్ల కొత్త పూసలు నింపాలా అన్న దగ్గర మా అభిప్రాయాలు కలవలేదు. నేను వద్దనే వైపు. ఖాళీ ఉంటే ఖాళీగా చూపించాలన్నది మేం నేర్చుకున్న పద్ధతి. రాజ్యం నుంచి వచ్చిన ఆ ఇద్దరికీ ఖాళీ అంటే ముసుగుని పట్టించుకోలేదని అర్థం. చివరికి ఖాళీ వదిలితే పక్క వరసలు జారిపోయే తొండం అంచున మాత్రమే నింపాం. పూసలు వాళ్ళ ఊరి పనివాళ్ళ దగ్గరి నుంచి వాళ్ళే పంపారు. ప్రతి రంగునీ ముందు పరీక్షించాకే వాడాం, ఎక్కడెక్కడ వాడామో ఫోటో మీద గుర్తు పెట్టాం.

వేలాడదీయడం ఆపేశాం. తల భాగానికి మెత్తటి ఫోమ్ దిమ్మ, దాని మీద పాలియెస్టర్ గుడ్డ. తొండం, వెనక పట్టీ ఏటవాలు పలక మీద పడుకునేలా. కుంగిన చెవికి వెనక నుంచి ఆసరా. పెట్టె లోహం, గాజు మాత్రమే, అడుగున 40 శాతానికి సిద్ధం చేసిన సిలికా జెల్, అంటే తేమ పెరిగితే పీల్చుకుని తగ్గితే వదిలే గుళికలు. కరెంటు పోయినా పని చేస్తుంది. ఆర్సెనిక్ హెచ్చరిక పెట్టె మీద ఫ్రెంచ్‌లో, అక్కడి భాషలో, బొమ్మతో సహా. పాత కాలపు వస్తువు కదా అని ఎవరైనా చేత్తో నిమిరితే కష్టం. నిప్పు గురించి వాళ్ళు అడిగినందుకు పెట్టెకి చక్రాలు, ఇద్దరు మనుషులు మోసే పిడులు పెట్టించాం. మామూలుగా అయితే మా జాబితాలో ఉండేది కాదు.

ప్రయాణం అక్కడ వానలు లేని నెలల్లోనే పెట్టుకున్నాం. ఆ ఎత్తు ప్రాంతంలో వానలు నెలల తరబడి వదలవు, సహారా వైపు నుంచి హర్మట్టన్ అనే ఎండు గాలి వచ్చే నెలల్లో మాత్రం తేమ బాగా పడిపోతుంది. పెట్టె లోపల రెండు వైపులా తట్టుకోవాలి, కానీ ఎండిన గాలి నుంచి కాపాడటం తడి నుంచి కాపాడటం కంటే సిలికా జెల్‌కి తేలిక.

ఇలాంటి పని మీ ముందుకొస్తే

పూసల మీద తెలుపు కనిపిస్తే అది ఏ రంగు పూసల మీద ఉందో ముందు లెక్క రాయండి. ఆ ఒక్క పరిశీలన సగం పరీక్షల పని చేస్తుంది. ఎక్స్‌ఆర్‌ఎఫ్ ఫలితం పూస మీద తీసినదా గుడ్డ మీద తీసినదా అని అడగకుండా ఆర్సెనిక్ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. మన దగ్గర కూడా పాత మ్యూజియం స్టోర్లలో పురుగు మందు చల్లిన కుట్టు పని చాలానే ఉంటుంది. దారం తెగితే కొస చూడండి. వస్తువు సొంతదారులు అందుబాటులో ఉంటే వాళ్ళని కండిషన్ రిపోర్ట్ (వస్తువు ఏ స్థితిలో ఉందో రాసే నివేదిక) రాసేటప్పుడే పిలవండి. రిపోర్ట్ అయిపోయాక పిలిస్తే కామ్‌వుడ్ అప్పటికే మురికి అయిపోయి ఉంటుంది.

వేడుక తర్వాతి తనిఖీలో కుట్లు నిలిచాయి, కొత్తగా రాలిన పూసలు లేవు. వెనక పట్టీ మీద నీలం వరసల్లో రెండు చోట్ల పిహెచ్ మళ్ళీ 8 దాటింది. గాజు జబ్బు నయమయ్యేది కాదు, నెమ్మదిస్తుంది, అంతే. ఆ రెండు చోట్లని ఫోటో మీద గుర్తు పెట్టి, సిలికా జెల్ మార్చి, పెట్టె మళ్ళీ మూశారు. టోపీ అనుమతి కాగితాలు ఇంకా నడుస్తున్నాయి.